ఇంటి మనిషి జీతం

తోటి ఉద్యోగి కంటే తక్కువ జీతం తీసుకోవడం ఒక భాగ్యం. ఇది అందరికీ దక్కేది కాదు. దక్కినవాళ్ళు కూడా దాని విలువ తెలుసుకోలేక ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నాకు దక్కింది, నేను తెలుసుకున్నాను, నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి! ఎక్కువ జీతం వచ్చేవాళ్ళకు నవ్వే తీరిక ఉండదు కాబట్టి, మీరు కూడా నాలాంటి భాగ్యవంతులే అయ్యుంటారు.

ముందు నా గురించి చెప్పాలి. నా పేరు జబీన్. గద్వాలలో ఒక ఆడిటర్ ఆఫీసులో పదకొండేళ్ళు పనిచేశాను. బోర్డు మీద సార్ పేరు, దాని కింద ‘అండ్ అసోసియేట్స్’ అని ఉంటుంది. సార్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి సార్ ఎవరో అందరికీ తెలుసు. అసోసియేట్స్ అంటే మేము. గద్వాల పత్తి విత్తనాల వ్యాపారులు, వనపర్తి రైస్‌మిల్లుల వాళ్ళు, నాగర్‌కర్నూల్ కాంట్రాక్టర్లు, ఎవరికి ట్యాక్స్ నోటీసు వచ్చినా మొహం వేలాడేసుకుని మా మెట్లెక్కుతారు. వాళ్ళ లెక్కలు సరిచేసి, టీ తాగించి, ధైర్యం చెప్పి పంపించేది నేను.

మా ఆఫీసులో గోపి అని ఇంకొకతను ఉన్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్ళయింది. అతనిదీ బీకామే, నాదీ బీకామే. జీఎస్‌టీ రిటర్న్ ఎలా వేయాలో పక్కన కూర్చోబెట్టుకుని అతనికి నేర్పింది నేను. బుద్ధిమంతుడు, తొందరగానే నేర్చుకున్నాడు, నోరారా అక్కా అని పిలుస్తాడు. ఇద్దరం ఒకే పని చేస్తాం, ఒకే ఫ్యాన్ కింద కూర్చుంటాం. ఆ ఫ్యాన్ గాలి మాత్రం ఇద్దరికీ సమానంగా వస్తుంది. దాన్ని నా వైపు తగ్గించే మార్గం సార్‌కి ఇంకా తోచలేదు.

మా ఆఫీసులో ఎవరి జీతం ఎంతో ఎవరికీ చెప్పకూడదు. సార్ పెట్టిన రూలు. ఎంత గొప్ప రూలో చూడండి! పక్కవాడి జీతం తెలియనంతకాలం మనిషి హాయిగా నిద్రపోతాడు. నేను అన్నేళ్ళూ హాయిగా నిద్రపోయాను.

మరి నాకెలా తెలిసిందంటారా? పెళ్ళి ఎంక్వైరీ వల్ల!

మన వైపు పిల్లనిచ్చే ముందు, పిల్లవాడి ఉద్యోగం నిజమేనా, జీతం నిజమేనా అని ఆఫీసుకే వచ్చి అడుగుతారు. ఫోన్లో కనుక్కుంటే వాళ్ళకు తృప్తి ఉండదు. కళ్ళతో చూడాలి, చెవులతో వినాలి, వీలైతే ఒక టీ తాగాలి. అలా రాజోలి నుంచి మల్లన్న అనే పెద్దమనిషి వచ్చాడు. గోపికి అనుకుంటున్న అమ్మాయికి ఆయన మేనమామ.

గోపి ఆ రోజు పని మీద వనపర్తి వెళ్ళాడు. సార్ వరండాలో ఫోన్ మాట్లాడుతున్నారు. నా టేబుల్ సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. చుట్టూ క్లయింట్లు నిలబడి ఉన్నారు. ఒకాయన నోటీసుకు జవాబు చెబుతూ, ఇంకొకాయన చేత సంతకాలు పెట్టిస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మరొకరిని బుజ్జగిస్తున్నాను. మల్లన్న కాసేపు ఈ వైభవమంతా చూశాడు. చూసి, ఆఫీసు నాదేనని తీర్మానించుకున్నాడు. దండం పెట్టి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

“మేడమ్, మీ దగ్గర గోపి అని పిల్లగాడు పనిజేస్తుండంట గద. మా మేనకోడల్ని ఇద్దామనుకుంటున్నం. గుణం ఎట్లుంటది?”

“మంచి పిల్లగాడు. ఏ అలవాట్లు లేవు,” అన్నాను.

“సంతోషం. మరి మీరు ఎంత ఇస్తుండ్రు ఆయనకు?”

నేను ఇస్తున్నానట! పదకొండేళ్ళ నా ఉద్యోగ జీవితంలో నన్ను ఎవరూ అంత గౌరవించలేదు. ఒక్క క్షణం ఆ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను కూడా.

“నేను ఇచ్చేదాన్ని కాదు పెద్దాయనా, తీసుకునేదాన్ని. సార్ అగో, వరండల ఫోన్ మాట్లాడుతుండు.”

మల్లన్న మొహం మారిపోయింది. “గాయన సారా? నేను వచ్చుడు వచ్చుడే, బండి జర పక్కకు జరుపమన్న గద ఆయనను.”

“జరిపిండా?”

“జరిపిండు.”

ఇంతలో సార్ లోపలికి వచ్చారు. సంగతి విన్నారు. పెళ్ళి సంబంధం అంటే పుణ్యకార్యం, పైగా ఆఫీసు పరువు. అందుకని సార్ తాను పెట్టిన రూలు తానే పక్కన పెట్టి, గోపి జీతం గట్టిగా, వీధి దాకా వినిపించేలా చెప్పారు. అది నా జీతానికి దాదాపు రెట్టింపు. అంకె రాయను. రాస్తే గోపికి దిష్టి, నాకు జాలి, సార్‌కి నోటీసు.

మల్లన్న ముఖం వెలిగిపోయింది. వెళ్తూ వెళ్తూ నా టేబుల్ దగ్గర ఆగాడు.

“మొన్న వచ్చిన పిల్లగానికే గింత ఇస్తుండ్రంటే, మీకు ఎంత ఇస్తరో తల్లీ. మా చిన్నపిల్ల గూడ బీకామే చదువుతుంది. మీ లెక్క కావాల్నంటే ఏం జెయ్యాలె?”

ఏం చెప్పను? సార్ అక్కడే ఉన్నారు, గోడ మీద క్యాలెండర్ వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నారు. “మంచిగ చదవమనుండ్రి,” అన్నాను. నాకు సిగ్గేసింది. తక్కువ ఇచ్చింది ఆయనైతే సిగ్గు నాకెందుకు వేయాలో, ఎంత ఆలోచించినా ఇప్పటికీ అర్థం కాలేదు.

మొదట నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెళ్ళి మాట కదా, సార్ కొంచెం పెంచి చెప్పి ఉంటారు అనుకున్నాను. సంబంధం ఖాయమై గోపి మిఠాయి డబ్బా తెచ్చినప్పుడు, నవ్వుతూ ఆ మాటే అడిగాను. పాపం గోపి సిగ్గుపడ్డాడు.

“సార్ తక్కువనే చెప్పిండక్కా. కొత్త ఇంక్రిమెంట్ కలపలే,” అన్నాడు.

మిఠాయి మాత్రం బాగుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. తక్కువ జీతం ఎందుకు భాగ్యమో నేను నిరూపిస్తాను. ఆడిటర్ ఆఫీసు మనిషిని, ఆధారం లేకుండా మాట్లాడను.

ఊళ్ళో అందరికీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసేది నేను. ట్యాక్స్ కట్టేటప్పుడు ఒక్కొక్కరి మొహాలు మీరు చూడాలి! పన్ను పీకించుకునేటప్పుడు కూడా మనిషి అంత బాధపడడు. నాకు ఆ బాధ లేదు. నా ఆదాయం ట్యాక్స్ గీత కింద, ఎంతో కింద, నీడపట్టున ఉంటుంది. ప్రభుత్వం నా వంక కన్నెత్తి చూడదు.

బ్యాంకు నుంచి క్రెడిట్ కార్డు అమ్మే అమ్మాయిలు ఫోన్లు చేసి జనాన్ని చంపుతారని అందరూ వాపోతుంటారు. నాకూ ఒకసారి చేసింది. చాలా తీయగా మాట్లాడింది. జీతం ఎంత మేడమ్ అని అడిగింది. చెప్పాను. “ఓకే మేడమ్, జాగ్రత్తగా ఉండండి,” అని పెట్టేసింది. క్రెడిట్ కార్డు అమ్ముకునే పిల్ల ఎవరికైనా జాగ్రత్తలు చెప్పడం మీరు ఎప్పుడైనా విన్నారా?

ఇక చుట్టాలు. అలంపూర్‌లో మా ఆయన పెదనాన్న కొడుకులు ముగ్గురున్నారు. చేబదులు అడగడంలో ముగ్గురికీ మంచి పేరు. మా గుమ్మం ఒక్కటే వాళ్ళు తొక్కేవాళ్ళు కాదు. పైగా పోయిన రంజాన్‌కి వాళ్ళే సేమ్యాలు పంపారు.

చీరల సంగతి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. గద్వాల చీర అంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొనుక్కుపోతారు. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాను. ఎక్కువ జీతం ఉంటే ఏం చేసేదాన్ని? ఒకటో రెండో కొని బీరువాలో దాచేదాన్ని. ఇప్పుడు చూడండి, ప్రతి మార్చి నెలాఖరులో చీరల దుకాణానికి స్టాక్ లెక్కపెట్టడానికి వెళ్తాను. వందల చీరలు! ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, జరీ చూసి, ధర చూసి, మళ్ళీ మడత పెడతాను. ఏ జమీందారు ఇల్లాలు ఇన్ని చీరలు ముట్టుకుని ఉంటుంది?

ప్రయాణాలు కూడా నావే. గోపి కమిషనర్ ఆఫీసుకు వెళ్ళాలంటే కారు మాట్లాడతారు. నాకు ఆర్టీసీ బస్సు. ఇదివరకు బస్సు ఛార్జీ ఇచ్చేవారు. ప్రభుత్వం ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేసిన నెలలోనే మా సార్ నా ట్రావెలింగ్ అలవెన్స్ కూడా ఫ్రీ చేశారు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు కదా, దాన్ని తెచ్చి వోచర్‌కి జత చేయమన్నారు. “రికార్డు కరెక్టుగ ఉండాలె గదమ్మా,” అన్నారు. జీరో రూపాయలకు వోచర్ రాసి, జీరో రూపాయలు అందినట్టు సంతకం పెట్టిన ఉద్యోగిని ఈ జిల్లాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నల్లమలలో మన్ననూర్ చెక్‌పోస్టు అవతల ఒక తేనె సొసైటీ ఉంది. దాని లెక్కలు మేమే చూస్తాం. గోపి ఒకసారి వెళ్ళి, ఫోన్ సిగ్నల్ లేదని జ్వరం తెచ్చుకుని తిరిగొచ్చాడు. అప్పటి నుంచి అది నా వాటా. చీకటి పడగానే ఫారెస్టు వాళ్ళు అక్కడ రోడ్డుకు గేటు వేసేస్తారు, పులులకు మన వల్ల ఇబ్బంది కలగకూడదని. ఎంత పనున్నా గేటు పడేలోపు బయటపడాల్సిందే. పదకొండేళ్ళలో నాకు వేళకు పని ముగిసింది ఆ ఊరు వెళ్ళిన రోజుల్లోనే. ఆ పులులకు నేను రుణపడి ఉన్నాను.

ఇన్ని లాభాలు ఉండగా ఎవరైనా జీతం పెంచమని అడుగుతారా? నేను అడిగాను. మనిషి అన్నాక బుద్ధి గడ్డి తింటుంది కదా!

నిజానికి నేను అంతకుముందు కూడా అప్పుడప్పుడూ అడిగేదాన్ని. ప్రతిసారీ సార్ దగ్గర ఒక న్యాయమైన కారణం ఉండేది. నాకు పెళ్ళి కాకముందు, “పెండ్లి గాలె, నీకు ఖర్చేముందమ్మా,” అనేవారు. పెళ్ళయ్యాక, “ఇంతియాజ్ సంపాదిస్తుండు గద, ఇంక నీకు ఖర్చేముంది,” అన్నారు. ఇంతియాజ్ మా ఆయన. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. వానలు బాగా పడితే మోటార్లు కాలవు, మోటార్లు కాలకపోతే మా ఇంట్లో పొయ్యి సన్నగా మండుతుంది. రైతుల బాగు కోరుకోవాలో మా బాగు కోరుకోవాలో తెలియని కొంప మాది.

గోపికైతే ఎందుకు ఎక్కువ? “పాపం పెండ్లి గావాలె గద,” అన్నారు సార్. పెళ్ళి కాకపోవడం నాకు ఖర్చు లేకపోవడానికి కారణం, గోపికి ఖర్చు ఉండడానికి కారణం! ఇంత లోతైన ఆలోచన ఆడిటర్లకు తప్ప ఇంకెవరికీ రాదు.

కానీ ఈ కారణాలన్నింటికీ తల్లిలాంటి కారణం ఒకటుంది. “నువ్వు ఇంటి మనిషివమ్మా,” అంటారు సార్.

ఈ మాటలో ఉన్న మాధుర్యం చూడండి. గోపి బయటి మనిషి, కాబట్టి అతనికి జీతం ఇవ్వాలి. నేను ఇంటి మనిషిని, కాబట్టి నాకు అభిమానం ఇస్తే చాలు. బయటి మనిషి ఆరింటికి బ్యాగు సర్దుకుంటాడు. ఇంటి మనిషి తాళం వేసుకుని వెళ్తుంది. బయటి మనిషికి టీ కప్పూ సాసరులో వస్తుంది. ఇంటి మనిషి తన గ్లాసు తానే కడుక్కుంటుంది. సార్ భార్య శైలజ మేడమ్ ఊరికి వెళ్తే, ఆవిడ పూలకుండీలకు నీళ్ళు పోసేది కూడా ఇంటి మనిషే.

ఈసారి నేను గోపి పేరెత్తి అడిగేసరికి, సార్ నొచ్చుకున్నారు. తిట్టలేదు. అదే ఆయనలో గొప్పతనం. తండ్రిలాగా తల పంకించారు.

“నువ్వు గూడ గిట్లడుగుతవనుకోలే జబీన్. ఇంట్ల దావత్ అయితే ముందుగాల బయటోళ్ళకు పెడతం. ఇంటోళ్ళు ఆఖరి బంతిల తింటరు. గంతేనా కాదా?”

కాదని ఎలా అనగలను? మా ఇంట్లోనూ అంతే కదా! దావత్ అయితే వచ్చినవాళ్ళందరూ తిని, సోంపు నమిలి, వక్కాకు వేసుకున్న తర్వాతే మేం కూర్చుంటాం. సార్ మాటలో న్యాయం ఉందనిపించింది. ఇన్నేళ్ళుగా నేను ఆకలితో లేను, ఆఖరి బంతి కోసం ఎదురుచూస్తున్నానని అర్థమై మనసు తేలికపడింది. ఆ తేలిక మనసుతోనే ఇంటికి వెళ్ళి మా అత్తకు చెప్పాను.

మా అత్త కుల్సుమ్‌బీ బియ్యం ఏరుతోంది. ఆవిడ బడికి పోలేదు కానీ, ఈ చుట్టుపక్కల ఏ దావత్‌కైనా వంట దగ్గర నిలబడేది ఆవిడే. అంతా విని తలెత్తకుండా అంది.

“మీ సార్ చెప్పింది సహీ. ఇంటోళ్ళు ఆఖరికే తింటరు. గని దావత్‌ల దేగ్చా మూత తీయంగనే, ముందుగాల ఇంటోళ్ళ కోసం ఒక గిన్నెల తీసి పక్కకు పెడతం. ఆ గిన్నెలకెల్లి ఎవ్వరికీ వడ్డించం. నీ కోసం ఆయన ఏమన్న తీసి పెట్టిండా బేటీ?”

నేను ఆవిడ పక్కన కూర్చుని చాటలో బియ్యం కెలికాను.

“పొయ్యి అడుగు,” అంది ఆవిడ. “గిన్నె ఏడుందో అడుగు. లేదంటే, నువ్వు ఇంటిదానివి గావు, గిన్నెలు తోమేదానివి. దానికి గూడ కూలి ఉంటది.”

ఆ మాటకు కోపం వచ్చింది. అత్త మీద కాదు. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి సరైన మనిషి మీద వచ్చింది.

మర్నాడు వెళ్ళి అడిగాను. “సార్, నాకోసం తీసి పెట్టింది ఏమన్న ఉందా?” అని. సార్‌కి అర్థం కాలేదు. దావత్ అన్నది మీరే కదా అని గుర్తుచేశాను. సార్ నవ్వేసి, “ఉగాదికి చూద్దాం తియ్యి,” అన్నారు. అంతకుముందు దసరాకి చూద్దామన్నారు. అంతకుముందు రంజాన్‌కి. మా సార్‌కి అన్ని మతాల పండుగల మీదా సమానమైన గౌరవం.

నవ్వుతూనే నాకు ఒక పని చెప్పారు. నాగర్‌కర్నూల్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నాం కాబట్టి ఇక్కడ ఇంకొక మనిషి కావాలి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడానికి ప్రకటన టైపు చెయ్యమన్నారు. ఆయన చెబుతున్నారు, నేను టైపు చేస్తున్నాను. అనుభవం ఉండాలి. జీఎస్‌టీ, టీడీఎస్ తెలిసి ఉండాలి. ఈ మూడు జిల్లాల వ్యాపారస్తులతో పరిచయం ఉంటే మంచిది. స్త్రీలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. జీతం? సార్ ఒక్క క్షణం ఆలోచించి గోపి జీతమే చెప్పారు.

“గంత ఇయ్యకుంటే బయటోళ్ళు ఎవరొస్తరమ్మా,” అన్నారు.

టైపు చేశాను. అక్షర దోషాలు లేకుండా చూశాను. మళ్ళీ చదివాను. ఇన్ని అర్హతలున్న మనిషి ఈ మూడు జిల్లాల్లో నాకు ఒక్కరే తెలుసు. ఆమెకు ఉన్న అడ్డంకి ఒక్కటే, ఆమె ఇంటి మనిషి.

దానికి మందు తేలికే కదా! ప్రకటన గ్రూపుల్లో పెట్టాను, రాజీనామా సార్ టేబుల్ మీద పెట్టాను, తాళంచెవి దాని మీద పెట్టాను. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి ప్రకటనలో ఉన్న నంబరుకే నా దరఖాస్తు పంపాను.

ఇక్కడ ఒక్క మాట. ఆ రోజు నేను నవ్వుకుంటూ ఏమీ ఇంటికి వెళ్ళలేదు. ఉద్యోగం పోతే ఇంకొకటి ఈ ఊళ్ళో దొరకడం కష్టం. ఆ ఏడు వానలు కూడా బాగా పడ్డాయి. ఇంతియాజ్ మాత్రం అన్నం కలుపుకుంటూ, “మంచిగ జేసినవ్. ఇంట్ల నువ్వు నవ్వక ఎన్ని దినాలాయె,” అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

నేను మానేసినప్పటికి నెలవారీ జీఎస్‌టీ రిటర్నుల గడువు దగ్గరపడింది. మీకు తెలిసిందే, రిటర్న్ వేయాలంటే చివర్లో వ్యాపారి ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. వాళ్ళు ఆ నంబరు చెబితేనే పని పూర్తవుతుంది. ఈ ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని టీవీలో, ఫోన్లో, బ్యాంకు గోడ మీద పొద్దస్తమానం చెబుతూనే ఉన్నారు. మా క్లయింట్లు బుద్ధిగా వింటారు. ఎవరికీ చెప్పరు. నాకు తప్ప.

ఎందుకంటే వాళ్ళ లెక్కలో నేను ‘ఎవరో’ కాదు. అన్నేళ్ళుగా నెలనెలా ఫోన్ చేసి, పిల్లల చదువులు, ఎద్దుల ధరలు, మోకాళ్ళ నొప్పులు అడిగి, ఆ తర్వాత ఓటీపీ అడిగేదాన్ని. గోపి ఫోన్ చేసి నేరుగా ఓటీపీ అడిగాడు. వనపర్తి రైస్‌మిల్లాయన గోపిని సైబర్ దొంగ అనుకుని పోలీసులకు చెప్తానన్నాడు. నాగర్‌కర్నూల్ కాంట్రాక్టర్ అయితే, “జబీనమ్మ గొంతు ఇనిపియ్యి, అప్పుడు చెప్త,” అన్నాడట. చివరికి సార్ స్వయంగా మాట్లాడితే, విత్తనాల షాపు షావుకారు, “మీరెవరో నాకు తెల్వదు సార్,” అన్నాడట. బోర్డు మీద అంత పెద్ద పేరున్న మనిషిని!

ఈ కబుర్లన్నీ గోపి ఫోన్ చేసి చెప్పాడు. గడువు ఇంకా రెండు రోజులుందనగా సార్ నుంచి మెసేజ్ వచ్చింది. దరఖాస్తు అందింది, ఇంటర్వ్యూకి రావలెను అని. మర్యాదగా, ‘గారు’ చేర్చి.

వెళ్ళాను. బయటి మనిషిని కాబట్టి బెంచీ మీద కూర్చుని పిలిచేదాకా ఆగాను. ఆఫీసులో టీ ఇచ్చే ఏసమ్మ నన్ను చూసి నవ్వు ఆపుకుంటూ టీ తెచ్చింది. కప్పులో, సాసరు పెట్టి! పదకొండేళ్ళు అదే ఆఫీసులో ఉన్నాను కానీ, ఆ కప్పుల మీద గులాబీ పువ్వులుంటాయని అప్పుడే తెలిసింది.

సార్ ఎదురుగా కూర్చున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇంతకుముందు పనిచేసిన కాడ ఎందుకు ఇడిచిపెట్టినవమ్మా?” అని అడిగారు. ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్నే కదా, అడిగారు.

“అక్కడ నన్ను ఇంటి మనిషి లెక్క చూసుకున్నరు సార్,” అన్నాను.

సార్ నా దరఖాస్తు ఒకసారి తిరగేశారు. బయట గోపి ఎవరినో ఓటీపీ కోసం బతిమాలుతుంటే వినిపిస్తోంది.

“జీతం ఎంతనుకుంటున్నవ్?”

“ప్రకటనల ఎంత ఉంటే అంత సార్. పాత పరిచయం ఉందని తక్కువ అడగను. ఎక్కువ గూడ అడగను.”

సార్ ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు? అయితే ఆయన కూడా ఆడిటరే, అన్నీ వదులుకునే మనిషి కాదు. గొంతు సవరించుకుని అన్నారు.

“గని రూలు రూలే. కొత్తగ చేరినోళ్ళు ఆర్నెల్లు ట్రైనింగ్‌ల ఉండాలె. మధ్యల రూలు మార్చలేను. సీనియర్ కింద పని నేర్చుకోవాలె.”

“సీనియర్ ఎవరు సార్?”

“గోపి.”

“సరే సార్,” అని లేచి దండం పెట్టి వచ్చేశాను.

చూశారా పాఠకులారా! ఇప్పుడు నా జీతం గోపి జీతంతో సమానం. నాకున్న భాగ్యాలన్నీ ఒక్కొక్కటే చేజారిపోతున్నాయి. క్రెడిట్ కార్డు అమ్మాయి రెండోసారి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. అలంపూర్ నుంచి మా ఆయన పెదనాన్న పెద్ద కొడుకు వచ్చి, టీ తాగి, ఏమీ అడగకుండా వెళ్ళాడు. అడగడానికి మళ్ళీ వస్తాడు. ఓటీపీలు మాత్రం అందరూ చెబుతున్నారు. ఇక నా పదకొండేళ్ళ అనుభవం? ఈ ఆఫీసులో అది ఎక్కడా లేదు. నేను మొన్ననే చేరిన పిల్లని.

నిన్న సాయంత్రం వంట చేస్తుంటే గోపి ఫోన్ చేశాడు. పాపం, గొంతు దిగులుగా ఉంది.

“అక్కా, రేపు మీకు టీడీఎస్ నేర్పియ్యాలంట, సార్ చెప్పిండు. ఎట్ల నేర్పాలో జర చెప్తారా?”

స్టవ్ ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి నుంచీ ఓపికగా చెప్పాను. చెప్పాలి మరి. ఇప్పుడు అందుకు జీతం ఇస్తున్నారు కదా!